పొయ్యి పక్కన నిలబడి తినాలండీ

మీరు చిత్తూరు వైపు నుంచి బెంగుళూరు వచ్చేవాళ్లయితే పలమనేరు, ముళబాగిలు, కోలారు దాటాక హొసకోటె తగలక మానదు. పగటిపూట వస్తే లారీలు, ఫ్లైఓవరు, పెద్ద చెరువు, అవిముక్తేశ్వరుడి గుడి కనిపిస్తాయి. హొసకోటెను దాని అసలు వేళలో చూడాలంటే మాత్రం తెల్లవారుజామున నాలుగింటికి రావాలి. అప్పటికే కట్టెల పొయ్యిల మీద దమ్ బిర్యానీ డేక్సాలు సిద్ధంగా ఉంటాయి. బెంగుళూరు ఆ చివర నుంచి నిద్ర మానుకుని వచ్చిన కుర్రాళ్లు, నైట్ షిఫ్టు దిగిన డ్రైవర్లు, పిల్లల్ని దుప్పట్లో చుట్టుకుని వచ్చిన కుటుంబాలు వరసలో నిలబడి ఉంటారు. 2020 అక్టోబరులో, లాక్‌డౌన్లు సడలిన రోజుల్లో, ఇక్కడి ఆనంద్ దమ్ బిర్యానీ ముందు కిలోమీటరున్నర క్యూ సాగిందని దేశమంతా టీవీల్లో చూసింది. నాలుగింటికి వచ్చి నిలబడితే ఆరున్నరకు చేతికందిందని ఒకాయన కెమెరాకు చెప్పాడు. ఆయన ముఖంలో విసుగు ఏమాత్రం లేదు. ఆ తృప్తి నాకు అర్థమవుతుంది.

ఎందుకంటే మూత తీసే క్షణం అక్కడుంది. మూత లేవగానే ఆవిరి ఒక్కసారిగా పైకి లేస్తుంది, ముందువరసలో వాళ్లు అనుకోకుండా ఒక అడుగు ముందుకు వేస్తారు. గరిటె డేక్సా అంచునుంచి దిగి, అడుగున ఉన్న మటన్ ముక్కను, పైనున్న పొడి మెతుకును కలిపి లేపుకొస్తుంది. ఆ ప్లేటును కారు బానెట్ మీద పెట్టుకుని, చలిలో, వేళ్లు కాలుతుంటే తినాలి. అదే బిర్యానీని పార్సిల్ కట్టించి పాతిక కిలోమీటర్లు తీసుకెళ్లి ఇందిరానగర్‌లో విప్పి తిన్నవాళ్లు "బాగానే ఉంది గానీ..." అంటారు. ఆ "గానీ" దగ్గరే ఉందండీ నేను ఇవాళ మీతో చెప్పుకోవాలనుకున్న మాట. వీధి తిండిలో సగం రుచి దినుసుల్లో ఉంటే, మిగతా సగం మనం పొయ్యికి ఎంత దగ్గరగా నిలబడ్డామన్న దాంట్లో ఉంటుంది.

ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది జపాను, ఫిలిప్పీన్స్ తిళ్ల దగ్గర. హొసకోటెలో కూర్చుని ఆ దేశాల ఊసెందుకంటారా? అంత దూరమేమీ కాదు లెండి. మా ఊరు దాటి కోలారు దారిలో పోతే నర్సాపుర వస్తుంది. అక్కడ 2013 నుంచి హోండా వాళ్ల బండ్ల కర్మాగారం నడుస్తోంది. బెంగుళూరులో 2005 నుంచి జపాన్ హబ్బ జరుగుతోంది. రెసిడెన్సీ రోడ్డులో హరిమా అనే జపాను భోజనశాల ఏళ్లుగా ఉంది. ఇక ఫిలిప్పీన్స్ అంటారా, తెలుగు ఇళ్లలో ఆ దేశం పేరు ఇప్పుడు కొత్త కాదు. దవావో మెడికల్ స్కూల్ ఫౌండేషన్‌లో వైద్యం చదువుతున్న మన పిల్లలు చాలామంది. మా ఎదురింటి అమ్మాయి అక్కడే చదువుకుంటోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా మా వరండాలో కూర్చుని అక్కడి తిండి ముచ్చట్లు చెబుతుంది, నేను జపానులోని ఒసాకా ముచ్చట్లు అందుకుంటాను, అర్ధరాత్రి దాటిపోతుంది.

ముందు ఒసాకా సంగతి చెప్పనివ్వండి. అక్కడ తకోయాకి అని ఒకటుంది. పేరు పక్కన పెట్టి పెనం చూడండి: మన గుంత పొంగనాల పెనమే. రాయలసీమలో పుట్టినవాళ్లకు, హొసకోటెలో దాన్నే పడ్డు అని పిలిచే కన్నడం వాళ్లకు, ఒసాకాలో ఆ పెనం ముందు నిలబడితే సొంతింటికి వచ్చినట్టుంటుంది. కానీ పొంగనం దారి వేరు, తకోయాకి దారి వేరు. మనది పులిసిన పిండి, గుంతలోనే ఆగుతుంది, ఒక్కసారి తిరగేస్తాం, లోపలంతా ఉడకాలి. వాళ్లది మైదా, గుడ్డు, చేపల చారు కలిపిన నీళ్లలాంటి జారుడు పిండి. గుంతలు నిండి, పొంగి, పెనమంతా ఒకే చెరువైపోయేలా పోస్తారు. చూస్తే పాడైపోయిందే అనిపిస్తుంది. అందులో ఆక్టోపస్ ముక్కలు, ఉల్లికాడలు, ఊరవేసిన ఎర్ర అల్లం చల్లుతారు. అడుగు గట్టిపడగానే వంటాయన సన్నటి పుల్ల తీసుకుని గుంతల మధ్య గీతలు గీస్తాడు. పొంగిన పిండిని లోపలికి మడుస్తూ ఒక్కో ఉండనూ పావు వంతు తిప్పుతాడు. మళ్లీ పావు. మళ్లీ పావు. రెండు నిమిషాల్లో ఆ చెరువంతా గోళీలైపోతుంది. పైన పెచ్చు, లోపల గంజిలా కదిలే వేడి. ఆ లోపలి వేడి తెలియక గబుక్కున నోట్లో వేసుకున్నవాళ్ల నాలుక కాలక మానదు.

పడవ ఆకారపు చిన్న తట్టలో ఎనిమిది పెడతారు. సాస్ పూసి, మయోనైజ్ గీసి, పైన ఎండుచేప తరుగు చల్లుతారు. ఆ తరుగు కాగితం కన్నా పల్చన. ఉండల్లోంచి వచ్చే ఆవిరికి అది వంకర్లు తిరుగుతుంది, లేస్తుంది, వాలుతుంది, ప్రాణం ఉన్నట్టే ఊగుతుంది. ఒక నిమిషం, నిమిషంన్నర. తర్వాత తడిసి సాస్‌కు అంటుకుపోతుంది. తకోయాకి తినవలసిన వేళ ఆ నిమిషంన్నరే. బెంగుళూరులో ఒక మాల్‌లో ఇదే పేరుతో ఒక ప్లేటు కొన్నాను. ఎక్కడో వెనక గదిలో చేసి, బల్ల దాకా తెచ్చేసరికి తరుగు చచ్చి పడి ఉంది. దినుసులన్నీ ఉన్నాయి, ఆక్టోపస్ కూడా మంచిదే. నిమిషంన్నర మాత్రం దారిలో అయిపోయింది.

ఈ తకోయాకి పుట్టింది 1935లో, ఒసాకాలోనే. ఎందో తొమెకిచి అనే ఆయన అప్పటిదాకా తన ఐజుయా బండి మీద ఇలాంటి ఉండల్లోనే గొడ్డుమాంసం పెట్టి అమ్మేవాడు. పక్కనున్న అకాషి ఊళ్లో ఆక్టోపస్ వేస్తారని ఒక కొనుగోలుదారుడు చెప్పిన మాట విని మార్చాడు. బండి ముందు నిలబడ్డవాడు మాట్లాడాడు, బండి వెనకున్నవాడు విన్నాడు. వంటగది తలుపు వెనక ఉంటే ఆ మాట చేరేదా? వీధి వంటకాలు మెరుగుపడే దారి ఇదేనని నా నమ్మకం. హొసకోటెలోనూ చూడండి, వరసలో రోజూ వచ్చేవాళ్లు "ఈవేళ మసాలా కాస్త ముదిరిందన్నా" అని మొహం మీదే చెబుతారు.

వరస అంటే గుర్తొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఒసాకాలో ఉమెదా స్టేషను దగ్గర బ్లాక్ మార్కెట్లో ఒక రామెన్ బండి ముందు చలిలో జనం బారులు తీరి ఉండటం మొమోఫుకు అందో చూశాడు. ఒక్క గిన్నె నూడుల్స్ కోసం ఇంతమంది నిలబడుతున్నారే అన్న ఆలోచన ఆయన్ని ఏళ్ల తరబడి వదల్లేదు. చివరికి 1958లో చికెన్ రామెన్ తెచ్చాడు, వేడి నీళ్లు పోస్తే చాలనే మొదటి ఇన్‌స్టంట్ నూడుల్స్ అదే. ఇవాళ మన ఇళ్లలో పిల్లలు సాయంత్రం అడిగే నూడుల్స్ పాకెట్టు వంశవృక్షం వెతికితే ఆ బండి దగ్గరికి పోతుంది. ఆకలి తీర్చడంలో అది ఎంత గొప్ప పనో నేను కాదనను. కానీ ఆ చలి, ఆ ఆవిరి, భుజం భుజం ఆనించి నిలబడ్డ ఆ జనం పాకెట్లోకి ఎలా వస్తారు?

సుషీ కూడా మొదట వీధి తిండే అంటే చాలామంది నమ్మరు. ఇవాళ ఖరీదైన హోటళ్లలో గుసగుసగా తినే వంటకమది. 1820ల్లో ఎదో నగరంలో, అంటే నేటి తోక్యోలో, హనాయా యొహెయి వంటివాళ్లు అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి అక్కడికక్కడే చేసిచ్చే పద్ధతిని నిలబెట్టారు. జనం బండి ముందు నిలబడి రెండు మూడు తిని, బండికి వేలాడే గుడ్డకు చేతులు తుడుచుకుని పోయేవాళ్లు. గుడ్డ ఎంత మురికిగా ఉంటే ఆ బండి అంత మంచిదని చెప్పుకునేవాళ్లట. బండి మీద నుంచి దుకాణాల్లోకి వెళ్లాక సుషీ చెడలేదు, ఇంకా బాగుపడింది. దాన్ని ఆలోచిస్తే నా మాటకే ఇంకాస్త బలం దొరికింది. సుషీకి పొయ్యి లేదు, చెయ్యి ఉంది. దుకాణంలోకి వెళ్లినా వాళ్లు ఆ పొడవాటి చెక్క బల్లను వదల్లేదు. బల్లకు అటు వంటాయన, ఇటు మీరు, మధ్యలో మూరెడు దూరం. అన్నం ఆయన అరచేతి వెచ్చదనంతోనే మీ చేతికొస్తుంది. ఆ బల్లే పాత బండి. గోడలు వచ్చినా, ఏసీ వచ్చినా, దాన్ని కాపాడుకున్నారు కాబట్టి రుచి నిలబడింది. జపాను భోజనశాలకు వెళ్తే మెత్తటి సోఫాలున్న మూల అడక్కండి, బల్ల ముందు ఎత్తు కుర్చీ అడగండి.

ఫుకువోకా నగరంలో సాయంత్రమైతే నది ఒడ్డున, పేవ్‌మెంట్ల మీద చక్రాల బండ్లు వచ్చి నిలబడతాయి. యతాయి అంటారు. ఒక్కోదాంట్లో ఎనిమిదీ పదిమందికి మించి పట్టరు. ఇవి మెల్లగా అంతరించిపోయేలా ఉంటే నగరపాలక సంస్థ 2013లో ప్రత్యేకంగా ఒక చట్టం చేసి వాటికి చోటు కల్పించింది. మన ఊళ్లలో బండివాళ్లను తరిమే లారీలను చూసినప్పుడల్లా నాకు ఆ చట్టం గుర్తొస్తుంది. బండిని నిలబెట్టడం కూడా నగరం పనే అని ఒక ప్రభుత్వం ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. ఇంకో మాట, జపానులో బండి దగ్గర కొని నడుస్తూ తింటూ పోవడం మర్యాద కాదు. కమాకురా పట్టణం 2019లో దాన్ని మానుకోమంటూ నిబంధనే పెట్టింది. కొన్నచోటే నిలబడి తినాలి. ఇది నాకు చాలా నచ్చిన పద్ధతి. చెత్త పోకుండా ఉండటం ఒకటైతే, పొయ్యిని వదలకుండా ఉండటం మరొకటి.

ఇక ఎదురింటి అమ్మాయి మాటలకు వద్దాం. దవావోలో రోహాస్ అవెన్యూ మీద రాత్రి బజారు జరుగుతుంది. కాలేజీ వదిలాక, అనాటమీ పుస్తకాలు మూసేశాక, మన పిల్లలు గుంపుగా అక్కడికి పోతారట. మొదటి నెలల్లో ఇంటినుంచి తెచ్చిన గోంగూర పచ్చడి, పప్పుల పొడి తప్ప ఏదీ ముట్టని పిల్లలు. ముందు అరటిపండుతో మొదలుపెట్టారట. సబా అనే అక్కడి లావుపాటి అరటిని పంచదారతో సహా కాగే నూనెలో వేస్తారు, పంచదార పాకమై పండుకు గాజులా అంటుకుంటుంది, వెదురు పుల్లకు గుచ్చి ఇస్తారు. కొరికితే పటుక్కుమంటుంది. తర్వాత ఫిష్ బాల్స్. తోపుడు బండి మీద మూకుడు, అందులో తేలే ఉండలు. అక్కడ అందం ఏమిటంటే వంటాయన వడ్డించడు. పుల్ల మీ చేతికిస్తాడు, మీరే మూకుట్లోంచి గుచ్చుకుంటారు, ఎన్ని తిన్నారో మీరే చెప్పి డబ్బులిస్తారు. పొయ్యికీ తినేవాడికీ మధ్య ఇంతకన్నా దగ్గరితనం ఇంకెక్కడ ఉంటుంది చెప్పండి? పక్కన సీసాల్లో తీపి సాస్, కారం సాస్, వెనిగర్. పుల్లను ఒక్కసారే ముంచాలి, కొరికింది మళ్లీ ముంచకూడదు. ఒసాకాలో షిన్‌సెకాయ్ పేటలో, పుల్లకు గుచ్చి వేయించే కుషికత్సు కొట్లలోనూ ఏళ్ల తరబడి అచ్చంగా ఇదే నియమం, గోడ మీద రాసి ఉండేది. సముద్రానికి అటొకరు ఇటొకరు, ఒకే గిన్నెలో ముంచుకునే జనాలకు ఒకే మర్యాద పుట్టింది.

తర్వాత ఇసావ్. కోడి పేగులు. శుభ్రంగా కడిగి, ఉడికించి, పుల్లకు వంకర్లుగా గుచ్చి, బొగ్గుల మీద కాలుస్తారు. బోటి కూర తిని పెరిగిన పిల్లలకు పేగులు కొత్త కాదుగా, అయినా తొలిసారి ఆ పుల్ల చూసి వెనకాడారట. బొగ్గుల మీద కొవ్వు కారి పొగ లేచి, ఆ పొగ ముక్కకు పట్టాక, ఉల్లిపాయ మిరపకాయ వేసిన వెనిగర్‌లో ముంచి నోట్లో పెట్టుకుంటే వెనకాడిన సంగతి మరిచిపోయారట. గడ్డకట్టిన రక్తాన్ని చదరంగా కోసి కాల్చిన ముక్కలు కూడా అమ్ముతారు. పాత వీడియో క్యాసెట్టులా ఉంటుందని దాన్ని బీటామాక్స్ అంటారు. తెలంగాణ నుంచి వచ్చిన పిల్లాడు ఒకడు "ఇది మా నల్లనే గదా" అని మొదట చెయ్యి చాపాడట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆ అమ్మాయి కళ్లు వెలిగాయి. పరాయి ఊళ్లో సొంత తిండి పొయ్యి మీద కనబడితే కలిగే ధైర్యం అలాంటిది.

ఆ బజారులో 2016 సెప్టెంబరులో బాంబు పేలి పదిమందికి పైగా చనిపోయారు. జనం మళ్లీ అక్కడికే వచ్చి, అదే రోడ్డు మీద తినడం మొదలుపెట్టారు. దవావో వాళ్లంటే నాకు గౌరవం కలగడానికి అదొక్కటి చాలు.

దవావోకు, జపానుకు పాత చుట్టరికం ఉందని తెలుసా మీకు? 1905లో ఫిలిప్పీన్స్‌లోని బాగియో కొండదారి పని పూర్తయ్యాక, రాళ్లు కొట్టిన జపాను కూలీలు కొందరు దవావో చేరి అబకా నార తోటల్లో దిగారు. యుద్ధానికి ముందు అక్కడ వేలమంది జపానీయులుండేవాళ్లు. మనీలాలోనేమో కియాపో దగ్గర కింతా మార్కెట్టులో జపాను వర్తకులు తురిమిన మంచు మీద తీపి గింజలు వేసి అమ్మేవాళ్లు. వాళ్ల దేశంలో అది కకిగోరి. 1902లో అమెరికా వాళ్లు మనీలాలో ఐస్ ఫ్యాక్టరీ కట్టడంతో మంచుకు కొరత లేకపోయింది. ఆ మంచు గిన్నెలోకి ఫిలిప్పీన్స్ వాళ్లు తమ కొబ్బరి, పనస, ఊదారంగు పెండలం, పాలు, జున్నులాంటి ఫ్లాన్ చేర్చుకుంటూ పోయారు. ఇవాళ దేశమంతా తినే హలో-హలో అదేనని చరిత్రకారుడు అంబెత్ ఒకాంపో వంటివారు చెబుతారు. జపాను యుద్ధకాలంలో ఆ దేశాన్ని ఎంత బాధపెట్టిందో తెలిసినవాళ్లకు ఆ గిన్నెలో అంతకు ముందటి ఇరుగుపొరుగుతనం ఇంకా మిగిలుందని కూడా తెలుస్తుంది.

బల్ల, బండి, బజారు అయ్యాక ఇల్లు. ఫిలిప్పీన్స్‌లో పండగనాడు బల్ల నిండా అరిటాకులు పరిచి, మధ్యలో అన్నం గట్టులా పోసి, దాని మీద కాల్చిన చేప, మాంసం, మామిడికాయ ముక్కలు అమర్చి, చుట్టూ నిలబడి అందరూ చేత్తో తింటారు. ఎవరి ఆకు వాళ్లకు వేసుకునే మనకు మొదట కొంచెం బెరుకే. దవావోలో మన పిల్లలు ఒక సంక్రాంతికి అదే పద్ధతిలో పులిహోర, చికెన్ వేపుడు పరిచి తిన్నారట, ఫిలిప్పీనో స్నేహితులను పిలిచి మరీ. ఒసాకా ఇళ్లలోనేమో తకోయాకి పెనం బల్ల మధ్యకే వస్తుంది. పెద్దలూ పిల్లలూ చుట్టూ చేరి తలో పుల్లతో తిప్పుతుంటారు. హొసకోటెలో మేమూ చేస్తుంటాం, పొంగనాల పెనంతోనే. గోధుమపిండి కాదు మైదా తీసుకోండి, గుడ్డు కొట్టండి, దోసెపిండి కన్నా బాగా పల్చగా, మజ్జిగలా కలపండి. ఆక్టోపస్ బదులు రొయ్యలు. ఉల్లికాడలు, అల్లం తరుగు మామూలే. గుంత నిండాక ఆగొద్దు, పొంగి పారనివ్వండి, భయపడొద్దు. పెనం మాత్రం వంటింట్లో పెట్టొద్దు. చిన్న స్టవ్వు తెచ్చి వరండాలో, అందరి మధ్యా పెట్టండి.

పార్సిల్ తప్పనిసరైతే ఏది తెప్పించుకోవాలో కూడా చెప్పేస్తాను. తకోయాకి, ఇసావ్, కుషికత్సు వద్దు, పెట్టెలో ఆవిరి పట్టి మెత్తబడిపోతాయి. పాకం పట్టిన అరటిపండు గంట వరకూ ఫరవాలేదు. ఎదురింటి అమ్మాయి చేసే అడోబోకైతే ఏ బెంగా లేదు. కోడిని వెనిగర్, సోయా సాస్, వెల్లుల్లి, మిరియాలతో ఉడికిస్తుంది. చిక్కబళ్లాపురంలో ఉన్న వాళ్ల అమ్మమ్మకు టిఫిన్ డబ్బాలో బస్సులో పంపిస్తే మర్నాటికి ఇంకా బాగుందని ఆవిడ ఫోన్ చేసి మరీ చెప్పింది.